గోతాం ఎక్కడిదాకా పోతుంది?

గూడ్స్ క్లర్కుగా బతుకు వెళ్ళదీసినవాడికి ఏ ఊరైనా రెండు ఖాతాల్లోనే కనిపిస్తుంది. లోపలికి ఏం వచ్చింది, బయటికి ఏం పోయింది. విజయనగరం దాటాక నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు వరసలో ఏ స్టేషను పేరు చెప్పినా నాకు గుర్తొచ్చేది అక్కడి గుడో బడో కాదు, సరుకు. గరివిడి అంటే మాంగనీసు. నెల్లిమర్ల అంటే గోనెలు. పొందూరు అంటే ఖద్దరు. కాకపోతే అది పార్శిలు వాళ్ళ లెక్క, మాది కాదు. ఈ రెండు ఖాతాల మధ్య జరిగేదాని జోలికి మా రిజిస్టరు ఏనాడూ పోలేదు. దిగిన సరుకు ఊళ్ళో ఎన్ని చేతులు మారింది, చివరికి ఏ గోతిలో పడింది అన్నది రైల్వేకి పట్టని సంగతి. రసీదు మీద సంతకం పడితే మా పని అయిపోయినట్టే.

రిటైరయ్యాక ఆ పట్టని సంగతే నా నెత్తిన పడింది. డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక మన రాష్ట్రంలో పిల్లలంతా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చెయ్యాలి. ఊళ్ళు తిరిగి, చూసి, రాసి, గైడు లెక్చరరు గారి చేత సంతకం పెట్టించుకోవాలి. నా మనవరాలికి ఇచ్చిన అంశం సర్క్యులర్ ఎకానమీ. "తాతా, నీకు ఈ లైనంతా తెలుసు కదా, బండి మీద తిప్పు" అంది. పెట్రోలు నాది, ప్రాజెక్టు దానిది.

అంశం పేరు బరువే గాని లోపలి సంగతి తేలిక. భూమిలోంచి తవ్వుతాం, వస్తువు చేస్తాం, వాడతాం, పారేస్తాం. ఇది గీత. పారేసే చోట ఆగకుండా ఆ వస్తువునే ఇంకో పనికి వాడటం, మాటు వేసుకోవడం, కరిగించి మళ్ళీ పోత పొయ్యడం, కుళ్ళేదైతే మట్టికి ఒప్పజెప్పడం, ఇలా గీత కొసను తెచ్చి మొదలుకు కలిపితే వలయం. ప్రపంచం ఏటా వాడే ముడిసరుకులో ఇలా తిరిగొచ్చినది 7.2 శాతమేనని 2023 నాటి సర్క్యులారిటీ గ్యాప్ రిపోర్టు లెక్క కట్టింది. అదే నివేదిక 2018లో 9.1 శాతం అంది. ఇన్ని సదస్సులు జరుగుతుండగానే వలయం చిక్కిపోతోందన్నమాట.

మా పిల్ల అప్పటికే ఫోనులో ఏదో యూరప్ ఫ్యాక్టరీ వీడియో చూసి ఉంది. నేను దాన్ని చీపురుపల్లిలో గోతాల షాపుకి తీసుకెళ్ళాను.

గోతాల షాపంటే దారిన పోయేవాళ్ళకు ధూళి తప్ప మరేమీ కనిపించదు. రేషను డిపోల నుంచి, హోటళ్ళ నుంచి, కిరాణా కొట్ల నుంచి ఖాళీ గోనెలు కట్టలు కట్టలుగా వస్తాయి. ఒకావిడ కట్ట విప్పి ఒక్కో గోతాన్నీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటుంది. అడుగు కుట్టు ఊడిందా, మూల చిరిగిందా, ఎలుక కొట్టిందా, తడిసి నలుపెక్కిందా. చూపు పడటం, గోతాం ఏదో ఒక కుప్పలోకి ఎగిరిపోవడం ఒకేసారి జరిగిపోతాయి. ఒక్కసారి వాడి వదిలేసినవి ఒకవైపు. ధాన్యం కొనుగోళ్ళ కాలంలో మిల్లుల దగ్గర వాటికి మంచి గిరాకీ. చిల్లులు పడ్డవి ఇంకోవైపు. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు దబ్బనం, పురికొస పట్టుకుని కూర్చుని ఉన్నారు. బాగుకు లొంగనివి మూడో కుప్ప.

"ఎలక కొట్టిందానికి మాటెయ్యొచ్చు బావూ. తడిసిందాన్ని మాత్రం నమ్మకూడదు. సూపుకి బాగుంటాది, బస్తా ఎత్తేసరికి అడుగు జారిపోతాది" అంది ఆవిడ, చెయ్యి ఆపకుండానే. కొత్తగా ఉన్న గోతాన్ని ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మూడో కుప్పలోకి విసిరేసింది. మా పిల్ల అడిగితే, అందులో ఎవరో ఎరువు పోశారట. ఆ వాసన తగిలిన గోతాం ఇక తిండిగింజల దగ్గరికి రాకూడదు. ఆ కొట్లో యంత్రమంటూ ఉన్నది తూకం వేసే కాటా ఒక్కటే. మిగతాదంతా ఆవిడ కళ్ళూ ముక్కూ.

50 కిలోల బియ్యం పట్టే కొత్త గోనె సంచి బరువు 580 గ్రాములు. ఆ 580 గ్రాములు ఎక్కడెక్కడికి వెళ్తాయో మా పిల్ల నోటుబుక్కులో రాసుకుంటూ పోయింది. మొదట బియ్యం. తర్వాత మళ్ళీ ధాన్యం. మాటు పడ్డాక చింతపండు, ఉల్లిపాయలు, బొగ్గులు. నలిగిపోయాక మేస్త్రీలు కొనుక్కుపోతారు. కొత్తగా పోసిన శ్లాబు మీద తడిపి పరిస్తే సిమెంటు పగలకుండా గట్టిపడుతుంది. అక్కడా పనికిరాకపోతే పశువుల శాలలో చలికాలం దూడ కిందికి. అక్కడి నుంచి పేడతో కలిసి పెంటకుప్పలోకి, దుక్కిలోకి. ప్లాస్టిక్ బస్తాకి ఈ బతుకు లేదు. ఎండకు పీలికలై, ఆ పీలికలు పొలంలోనే ఉండిపోతాయి. తిండిగింజలు, పంచదార గోనె సంచుల్లోనే నింపాలని 1987లో కేంద్రం చట్టం చేసింది. జనపనార రైతుల కోసం, మిల్లు కార్మికుల కోసం చేసిన చట్టమది. కాని గోతాల షాపులో కూర్చుని చూస్తే దాన్ని పర్యావరణ చట్టం అనాలనిపిస్తుంది.

మన వైపు గోనెకి బెంగాలు జనుముతో పాటు గోగునార కూడా వాడేవారు. ఒకప్పుడు ఆ నార భీమిలి రేవు నుంచి ఓడెక్కేది గనక ప్రపంచ మార్కెట్లో దాని పేరే బిమ్లీ జూట్. గోంగూర చుట్టమే అది. ఆకు పచ్చడికి, బెరడు నారకు, లోపలి పుల్ల పొయ్యిలోకో దడికో పోయేది. కోసిన మోపుల్ని చెరువులో ఊరవేసిన రోజుల్లో ఆ వాసనకి ప్యాసింజరు బళ్ళలో జనం కిటికీలు దించేసేవారు. ఆమదాలవలస పరిశోధనా కేంద్రం గోగులో కొత్త రకాలు తెచ్చింది గాని రైతు మొక్కజొన్నకి మళ్ళిపోయాడు. ఊరవెయ్యడానికి నీళ్ళు లేవు, నార ఒలవడానికి మనుషులు లేరు. తప్పు పట్టలేం.

పాతసామాన్ల కొట్టు సంగతి త్వరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిందే కాబట్టి. వీధిలో ఉల్లిపాయల బండివాడు పాత ప్లాస్టిక్కు, ఇనుము తీసుకుని బదులు ఉల్లిపాయలు ఇస్తాడు. చిక్కుజుట్టు ఇస్తే పిన్నీసులో, బుడగలో ఇచ్చేవాడు ఇంకొకడు. అవన్నీ కొట్టుకి చేరాక అక్కడా ఏరడమే. ఇనుము వేరు, బీడు వేరు, ఇత్తడి వేరు, సిల్వరు గిన్నెలు వేరు, అట్టలు వేరు. సీలింగు ఫ్యాను విప్పి లోపలి రాగి చుట్టను బయటికి తీస్తున్న కుర్రవాణ్ణి మా పిల్ల చాలాసేపు చూసింది. ఫ్యానుని ఫ్యానుగా అమ్మితే ఇనుము ధర. విప్పితే రాగికి రాగి ధర, సిల్వరుకి సిల్వరు ధర. పాత సిల్వరు గిన్నెను కరిగించడానికి పట్టే శక్తి, బాక్సైటు తవ్వి కొత్త అల్యూమినియం తీయడానికి పట్టేదాంట్లో 5 శాతమే. కరెంటు వైరు మీది తొడుగుని బ్లేడుతో ఒలిస్తే రాగి ఎర్రగా మెరుస్తూ వస్తుంది. అంత ఓపిక లేనివాళ్ళు కాల్చేస్తారు. ఆ పొగ ఎంత విషమో చెప్పక్కర్లేదు, పైగా కాలిన రాగికి ధర తగ్గుతుంది. వలయం అనగానే అదంతా శుభ్రమైన వ్యవహారం అనుకోకూడదు. కొన్ని వలయాలు ఎవరి ఊపిరితిత్తుల మీదో తిరుగుతున్నాయి.

బియ్యం మిల్లు గురించి కూడా అంతే, నాలుగు మాటలు. క్వింటా ధాన్యం ఇస్తే ప్రభుత్వానికి 67 కిలోల బియ్యం అప్పజెప్పాలి, ఉప్పుడు బియ్యమైతే 68. మిగిలినదాంట్లో తవుడు నూనె మిల్లుకి పోతుంది. ఇరవై కిలోల దాకా వచ్చే ఊక, ధాన్యం ఉడకబెట్టే బాయిలర్లోకి పోతుంది. అది కాలితే అయిదో వంతు బూడిద. ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అందుకే ఇటుకల వాళ్ళకీ ఉక్కు కార్ఖానాలకీ అది సరుకు. మిల్లు యజమాని దృష్టిలో అక్కడ చెత్త అంటూ ఏదీ లేదు. ధాన్యంలో వచ్చిన రాళ్ళూ మట్టిబెడ్డలూ తప్ప.

గరివిడి దగ్గర మాత్రం కాస్త నిలబడాలి. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఈ నేల మీదే. విజయనగరం మైనింగ్ కంపెనీ 1892లో తవ్వడం మొదలుపెట్టింది. ఈ చుట్టుపక్కలే ఉన్న కోడూరు గనుల్లోని ఒక రకం రాయికి జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఫెర్మర్ దొర కోడూరైట్ అని పేరు పెట్టాడు. ఇవాళ్టికీ భూగర్భశాస్త్రం పుస్తకాల్లో మన కోడూరు ఉంది. ఊళ్ళో ఎంతమందికి తెలుసో మరి. మొదట్లో ఖనిజం ఖనిజంగానే ఓడలెక్కి పోయింది. 1950ల్లో గరివిడిలో ఫేకర్ అనే ఫెర్రో ఎల్లాయిస్ కార్ఖానా వచ్చాక ఇక్కడే కరిగించి లోహం చేయడం మొదలైంది. తర్వాత బొబ్బిలి వైపు కూడా ఫెర్రో ఎల్లాయిస్ కొలుములు లేచాయి.

కొలిమిలో ఖనిజం, కోకు వేసి కరెంటు పెడితే అడుగున లోహం, పైన స్లాగు తేలుతాయి. ఫెర్రో మాంగనీసు తీసేటప్పుడు తేలే స్లాగులో ఇంకా బోలెడు మాంగనీసు మిగిలిపోతుంది. దాన్ని పారెయ్యరు. సిలికో మాంగనీసు చేసే కొలిమికి అదే ఖనిజం. ఒక కొలిమి ఎంగిలి ఇంకో కొలిమికి భోజనం, అదీ ఒకే ప్రహరీ లోపల. రెండోసారి వచ్చిన స్లాగులో మాంగనీసు అంత ఉండదు. కాని కరిగి పారేటప్పుడు లోహపు బిళ్ళలు కొన్ని స్లాగులో చిక్కుకుపోతాయి. మా పిల్లకి నేను చూపించాలనుకున్నది వాటి సంగతే.

కొలుముల దగ్గరికి బయటివాళ్ళని రానివ్వరు, అది సబబే. స్లాగు కొనుక్కుని లోహం తీసుకునే యార్డు ఒకటి తెలిసినవాళ్ళది ఉంటే అక్కడికి వెళ్ళాం. స్లాగుని క్రషర్లో చిన్న ముక్కలు చేసి నీళ్ళ తొట్టిలోని జల్లెడ మీద పోస్తారు. నీళ్ళు కిందినుంచి పైకి దడదడా తన్నుతుంటాయి. లోహం స్లాగుకి రెండింతలకు పైగా బరువు గనక అడుగుకు దిగిపోతుంది, తేలిక స్లాగు పైనుంచి జారిపోతుంది. ఈ లోహం అయస్కాంతానికి సరిగ్గా అంటుకోదు, అందుకే నీళ్ళ దారి పట్టారు. మా ఇంట్లో మా అమ్మ చేటతోనూ పళ్ళెంతోనూ బియ్యంలో రాళ్ళు గాలించేది కదా, సరిగ్గా ఆ పనే, కాకపోతే గంటకి టన్నుల లెక్కన. దిగువన ఒక పెద్దాయన చేత్తో మళ్ళీ ఏరుతున్నాడు. తళుక్కుమనేది లోహం, గాజులా మసకగా ఉండేది స్లాగు. యంత్రం ఏరింది చాలదా అంటే, "నీటికి బరువే తెలుసు బావూ, రంగు తెల్దు" అన్నాడు. అతని మూతికి తువ్వాలు తప్ప ఏమీ లేదు. అంత దుమ్ములో సరైన మాస్కు ఒక్కటి కొనివ్వడానికి యార్డు లెక్కల్లో చోటు లేకపోవడం నాకు నచ్చలేదు. ఆ మాట అక్కడే అన్నాను కూడా.

లోహం తీసేశాక మిగిలిన కంకర రోడ్ల కిందికి, పల్లాలు పూడ్చడానికి పోతుంది. టన్ను సిలికో మాంగనీసుకి నాలుగు వేల యూనిట్ల దాకా కరెంటు కాలుతుంది. కరెంటు ధర పెరిగినప్పుడో, లోహం ధర పడిపోయినప్పుడో కొలుములు చల్లారతాయి. కొలుములు చల్లారితే యార్డుకి స్లాగు రాదు, ఆ పెద్దాయనకి కూలి ఉండదు. ఈ సంగతి ప్రాజెక్టు గైడు బుక్కులో లేదట. ఉండి తీరాలి. వలయం గీసినంత తేలిగ్గా తిరగదు, దాన్ని తిప్పే ధర ఒకటి ఉంటుంది. పరాయి దేశంలోనూ ఇంతే. డెన్మార్కులో కాలుండ్‌బోర్గ్ అని చిన్న ఊరు. అక్కడ 1980ల్లో విద్యుత్ కేంద్రం వదిలే ఆవిరి రిఫైనరీకి, మందుల కంపెనీకి పోవడం మొదలైంది. తర్వాత పొగ కడిగితే వచ్చిన జిప్సమ్ గోడపలకల ఫ్యాక్టరీకి పోయింది. ప్రపంచంలోని పర్యావరణ ఇంజినీర్లందరికీ అది పుణ్యక్షేత్రం. అక్కడా మొదట్లో ఎవరూ భూమిని కాపాడదామని కూర్చోలేదు. ఒకరికి మిగిలింది ఇంకొకరికి కావలసి వచ్చింది, బేరం కుదిరింది. మనకు చిన్నప్పటినుంచి తెలిసిన వ్యాపారమే.

పొందూరుకి ప్యాసింజరులో వెళ్ళాం. ఈసారి పార్శిలు ఆఫీసు వైపు చూడకుండా నేరుగా ఊళ్ళోకి నడిచాను. గాంధీగారి కాలం నుంచి పేరున్న ఖద్దరు ఇది. 1949 నుంచి ఇక్కడి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం వడికేవాళ్ళకి పత్తి ఇచ్చి, నూలు తీసుకుని, నేయిస్తోంది. నూరు కౌంటు దాటిన సన్న నూలుని చేత్తో వడికే ఊళ్ళు దేశంలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు ఎక్కువే అవుతాయనుకుంటా. ఆ సన్నదనం రాట్నంలో లేదు. రాట్నం కన్నా ముందు జరిగే పనిలో ఉంది.

కొండపత్తి కాయ వలిచి గింజతో ఉన్న దూదిని ఒక పెద్దావిడ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతిలో చిన్న కర్రకు కట్టిన ఎముక ముక్క. వాలుగ చేప దవడ అది. దాని మీద పళ్ళు సన్నగా, దగ్గరదగ్గరగా, దువ్వెన పళ్ళకన్నా చిన్నవిగా వరసలో ఉంటాయి. ఎడమ చేత్తో గింజని పట్టుకుని, కుడి చేత్తో దవడని దూది మీద లాగుతుంది. ఒక్కో లాగుకీ ఎండాకు పొడి, పురుగు తిన్న పీచు, పొట్టి పీచు విడిపోయి ఒళ్ళోకి రాలతాయి. గింజని తిప్పి మళ్ళీ లాగుతుంది. కాసేపటికి గింజ చుట్టూ పీచంతా ఒకే దిక్కుకి దువ్వినట్టు తెల్లగా నిలబడింది. అలా ఒక్కొక్క గింజా! మా పిల్ల నోరు తెరిచి చూస్తోంది.

"ఇనపదాంతో చెయ్యకూడదా మామ్మా?" అని అడిగింది.

"ఓలమ్మ, ఇనపదైతే పీచు తెంపేత్తాది. ఈటి పళ్ళు మెత్తన. చెత్తని పట్టుకుంటాది, దూదిని ఒగ్గేత్తాది" అంది ఆవిడ. దవడని మా పిల్ల అరచేతి మీద రాసి చూపించింది. గీరింది గాని గుచ్చుకోలేదు.

ఆ దవడలు గోదావరి వైపు నుంచి వస్తాయి, రాజమండ్రి, ధవళేశ్వరం చేపల వాళ్ళ దగ్గర్నుంచి. తినేవాళ్ళు చేప తిని పారేసే ముక్క అది. ఎక్కడి గోదావరి, ఎక్కడి పొందూరు! ఎవడో ఒకడు మొదటిసారి ఆ ఎముకని పారెయ్యకుండా దూది మీద గీరి చూసి ఉండాలి. వాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. దువ్విన దూది నుంచి గింజ తీసేశాక ఏకడం, ఏకులు చుట్టడం, వడకడం, చిలపలు పట్టడం. ప్రతి అడుగులోనూ ఏదో ఒకటి విడిపోతూనే ఉంటుంది. గింజలు గేదెల కుడితిలోకి, పొట్టి పీచు దిండ్లలోకి. పడుగుకి పెట్టే గంజి కూడా అన్నం గంజే.

బట్ట అయ్యాక దాని బతుకు మన ఇళ్ళలో తెలిసిందే. పంచె చిరిగితే తువ్వాలు, తువ్వాలు చిరిగితే చంటిపిల్లకి పొత్తిగుడ్డ, చివరికి దీపానికి వత్తి. పాత చీరలయితే బొంత. వత్తితో సహా లెక్కపెట్టిన మా పిల్ల, "తాతా, పాలియెస్టరు చీర వత్తికి పనికిరాదు కదా" అంది. పనికిరాదు. అంటుకుంటే కరిగి కారుతుంది. నూలూ పాలియెస్టరూ కలిపి నేసిన బట్టనైతే మళ్ళీ విడదీయడం బయట పెద్ద పెద్ద మిల్లులకే కష్టంగా ఉంది.

అప్పటికి మా పిల్ల రాతలో ఒక సంగతి పదేపదే వస్తోంది. గోతాల షాపులో, ఫ్యాను విప్పే చోట, నీళ్ళ తొట్టిలో, చేప దవడ కింద, అన్ని చోట్లా జరిగేది ఒకే పని. ఏరడం. రీసైక్లింగు యంత్రం బొమ్మ వేసి చుట్టూ బాణాలు గీసే చార్టుల్లో ఈ పని కనిపించదు. ఏరితే సరుకు, కలిస్తే చెత్త. ఎరువు తగిలిన గోతాం నిక్షేపంగా ఉన్నా చెత్తే. కలపడానికి క్షణం పట్టదు. విడదీయడానికే కూలి, కళ్ళు, ఓపిక కావాలి. ఈ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే అసలు ప్రశ్న అని నాకు అనిపించింది.

ఆ ప్రశ్నకి జవాబు దొరకని చోటు కూడా చూశాం. మా చుట్టుపక్కల ఒక పంచాయతీ, పేరెందుకులే, ఊరి చివర చెత్త నుండి సంపద తయారీ కేంద్రం షెడ్డు ఉంది. రాష్ట్రంలో పల్లె పల్లెకీ ఇలాంటివి ఉపాధి హామీ డబ్బుతో కట్టారు. తడి చెత్తకి తొట్లు, పొడి చెత్తకి గదులు, తొక్కే రిక్షా, ఈల వేసుకుంటూ ఇంటింటికీ తిరిగే గ్రీన్ అంబాసిడరు. ఆలోచనలో లోపం లేదు. కూరగాయల తొక్కలు, ఎండాకులు తొట్టిలో వేసి, పేడనీళ్ళు చల్లి, వేడి తగ్గేదాకా కొన్నాళ్ళు ఆగి, వానపాములు వదిలితే, నెలన్నర, రెండు నెలల్లో వర్మి కంపోస్టు. షెడ్డులో ఒక తొట్టి అలాగే నడుస్తోంది కూడా. ఎరువు తీసి చేతిలో పోశాడు అక్కడి గ్రీన్ అంబాసిడరు. టీపొడిలా నల్లగా, మట్టివాసన. ఆ తొట్టిలోకి వచ్చేది హోటలు వాళ్ళు విడిగా ఇచ్చే కూరగాయల చెత్త.

పక్క తొట్టి పాడుబడింది. ఇళ్ళ నుంచి వచ్చింది అందులో వేశారు. అన్నంతో పాటు షాంపూ సాచెట్లు, పిల్లల డైపర్లు, టాబ్లెట్ల రేకులు, బ్లేడు. "ఏరితే వచ్చిన డబ్బు నాకే ఇస్తారా, పైవోళ్ళకి ఇస్తారా అని మొదట అడిగినాను బావూ. ఎవులూ సెప్పలేదు. బ్లేడు కోసుకున్నాక ఏరడం మానేసినాను" అన్నాడు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, హానికర చెత్తను ఇంటి దగ్గరే వేరు చెయ్యాలని చెప్పాయి. ఇంటి దగ్గర వేరు చేయడానికి పట్టేది చెయ్యి ఒక బుట్ట నుంచి ఇంకో బుట్ట దాకా పోయేంత సేపు. అది చెయ్యం గనక మనకి కనపడని మనిషి ఒకడు షెడ్డులో బ్లేడుతో చెయ్యి కోసుకోవాలి. నెల జీతం ఎప్పుడు పడుతుందో తెలియని మనిషి.

అట్టలు, నీళ్ళ సీసాలు, పాల ప్యాకెట్లు అతను విడిగా కట్టి పాతసామాన్ల కొట్టుకి వేస్తాడు. ఆ డబ్బులు టీ ఖర్చుకి వస్తాయి. ఒక మూల మాత్రం తళతళలాడే కొండ ఒకటి పెరిగి ఉంది. చిప్సు, కుర్‌కురే, గుట్కా, పాన్‌మసాలా రేపర్లు. లోపల వెండి రంగు పూత, పైన ప్లాస్టిక్కు, మధ్యలో ఇంకేదో పొర, అన్నీ కలిపి అతికించినవి. గోతాన్ని ఏరొచ్చు, ఫ్యానుని విప్పొచ్చు. వీటిని విప్పడం ఎవరి తరమూ కాదు, చెయ్యడమే కలిపి చేశారు. ఈ సరుకు మార్కెట్లో పెట్టిన కంపెనీలే వెనక్కి తీసుకునే ఏర్పాటు చూడాలని 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. షెడ్డు దాకా వాటి తాలూకు మనిషెవరూ ఇంకా రాలేదని అతను అన్నాడు.

మా పిల్ల రిపోర్టులో పెద్ద పట్టిక ఒకటి వేసింది. వస్తువు, ఏరేది ఎవరు, కొనేది ఎవరు, చివరికి ఎక్కడికి, అని నాలుగు గళ్ళు. గోతాం, రాగి, ఊక బూడిద, స్లాగు, కొండపత్తి గింజ, అన్ని వరసలూ నిండాయి. చిప్సు రేపరు వరసలో మూడో గడి ఖాళీ. లెక్చరరు గారు చూసి, ఖాళీ గడి ఉంటే బాగోదమ్మా, ఏదైనా రాయి అన్నారట. ఏం రాయమంటారు సార్, చెప్పండి, రాస్తాను అందట ఇది. ఆయన కాసేపు ఆలోచించి, అలాగే సంతకం పెట్టేశారు.